ధ్వనుల గ్రంథాలయము

రంగస్థలముపై ఆడు నాటకమునకు తెర యుండును; దీపములుండును; వేషములుండును. కోటయైనను, కుటీరమైనను చూపరులకు కన్నుల యెదుటనే కానవచ్చును. రేడియో నాటకమునకు ఇవి యేవియు లేవు. శ్రోత చెవియే దానికి రంగస్థలము. శ్రోత మనస్సే దానికి తెర. "రాత్రి చాల ప్రొద్దుపోయినది" అని పాత్రచేత చెప్పింప నక్కరలేదు. కీచురాళ్ళ రొద సన్నగా వినిపించి, దూరమున ఒక కుక్క మొరిగినచో చాలును. శ్రోత తనంతట తానే చీకటిని చూచును.

గుంటూరు సీమలోని ఒక మిరపకల్లమును తలచుకొనుడు. కాయలు ఎఱ్ఱని తివాసివలె పరచబడి ఎండుచున్నవి. రైతు ఒక కాయను చెవి చెంత ఆడించి చూచును. లోని గింజలు గలగలలాడినచో కాయ ఎండినదని యర్థము. ఇంతలో పడమట ఉరుము వినిపించినది. గాలికి పట్టాలు టపటప కొట్టుకొనుచున్నవి. "పట్టాలు కప్పుడు! కప్పుడు!" అను కేకలు, పరుగెత్తు అడుగుల చప్పుడు, పట్టాపై పడు మొదటి చినుకులు. ఏడాది కష్టమంతయు ఆ యొక్క గడియలో నిలుచునో, పోవునో తెలియదు. ఇంతటి సన్నివేశమును అర నిమిషములో చెవికి చూపవచ్చును. కాని పట్టాపై కురియు వానకు బదులు రేకుల కప్పుపై కురియు వానను వినిపించినచో, ఆ గ్రామములోని రైతు వెంటనే నవ్వును. "కల్లములో రేకుల యిల్లు ఎక్కడిది?" అని అడుగును. అప్పటినుండి అతడు నాటకమును నమ్మడు. ఒక తప్పు చప్పుడు ఒక మంచి నాటకమును చెఱచును.

ఈ విద్య నూరేండ్ల నాటిది. 1924 జనవరి 15వ తేదీన లండనులోని బి.బి.సి. "డేంజర్" అను నాటికను ప్రసారము చేసెను. రిచర్డ్ హ్యూస్ దాని రచయిత. బొగ్గుగనిలో దీపములారిపోగా చీకటిలో చిక్కుకొన్న వారి కథ యది. రేడియో కొఱకే వ్రాయబడిన తొలి నాటకములలో అది యొకటి. కన్నులకు పనిలేని చోటును ఎన్నుకొనుటలోనే రచయిత నేర్పు కలదు. మన వైపున 1938 జూన్ 16వ తేదీన మద్రాసు రేడియో కేంద్రము ప్రారంభమైనది. అచ్చటినుండి తెలుగు కార్యక్రమములు వినవచ్చెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. కృష్ణకు ఈవల నున్న గుంటూరు, ఒంగోలు ప్రాంతముల వారికి నాటకములు ఇంటి ముంగిటకే వచ్చినవి. బందా కనకలింగేశ్వరరావు, నండూరి సుబ్బారావు మున్నగు నటుల కంఠములను, ముఖములెఱుగని వారు కూడ గుర్తింపగలిగిరి.

నాటకమున వినవచ్చు చప్పుళ్ళు మూడు విధములు. మొదటివి నటుడు మాటలాడుచుండగా ప్రక్కననే పుట్టించునవి: తలుపు గడియ, గ్లాసు, కాగితము, అడుగులు. రెండవవి ముందే ధ్వనిముద్రణము చేసికొని అవసరమైనపుడు వినిపించునవి: రైలు, ఉరుము, సంత, ఎడ్లబండి. మూడవవి దృశ్యమంతటను వెనుక పఱచుకొని యుండునవి: రాత్రి కీచురాళ్ళ రొద, పగటివేళ పొలముపై గాలి, పాఠశాల సందడి. నిశ్శబ్దము కూడ ఈ మూడవ విధములోనిదే. ఖాళీ గదికి ఒక చప్పుడు, ఖాళీ పొలమునకు మఱియొక చప్పుడు ఉండును.

మొదటి విధమైన చప్పుళ్ళను పుట్టించుటలో చమత్కారము కలదు. కొబ్బరి చిప్పలు రెండింటిని ఒకదానితో నొకటి తాకించినచో గుఱ్ఱపు డెక్కల చప్పుడగును. చింతగింజలను చేటలో మెల్లగా దొర్లించినచో వాన కురియును. పలుచని పెద్ద రేకును ఊపినచో ఉరుము ఉరుమును. మిఠాయి చుట్టిన గలగలలాడు కాగితమును మైకు చెంత నలిపినచో మంట చిటపటలాడును. సినిమాలలో ఈ పనికి అమెరికా దేశీయుడైన జాక్ ఫోలీ ప్రసిద్ధుడు. 1929లో "షో బోట్" అను చిత్రమునకు పనిచేసిన వారిలో అతడొకడు. నేటికిని ఈ కళను లోకమంతటను "ఫోలీ" అనియే పిలుచుచున్నారు.

రెండవ, మూడవ విధములవానిని దాచుకొనవలయును. పూర్వము రేడియో కేంద్రములలో వీనిని గ్రామఫోను ప్లేట్లపైనను, పిమ్మట టేపులపైనను దాచెడివారు. టేపు సెకనుకు ఏడున్నర అంగుళముల వేగముతో నడచునప్పుడు, అర సెకను కుక్క మొఱుగు మూడుముప్పాతిక అంగుళముల పొడవుండును. దానిని బ్లేడుతో కోసి, కావలసిన చోట అతికెడివారు. చప్పుడును కొలబద్దతో కొలిచిన కాలమది. నేడు ఈ పని చరవాణిలోనే జరుగుచున్నది. విద్యాసంస్థలు సొంత రేడియో నడుపుటకు భారత ప్రభుత్వము 2002లో అనుమతి నొసగెను. 2004 ఫిబ్రవరి 1వ తేదీన చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయమున తొలి విద్యాప్రాంగణ రేడియో ప్రారంభమైనది. భీమవరములో విష్ణు విద్యాసంస్థల రేడియో, జహీరాబాదు ప్రాంతమున 2008లో పల్లె స్త్రీలతో వెలసిన సంఘం రేడియో ఈ త్రోవలోనివే. అందుచే పిల్లలు వ్రాసి, ఆడి, ప్రసారము చేయు నాటకమనునది నేడు ఊహ కాదు.

ప్రతి పాఠశాలయు ప్రతి చప్పుడును తానే సేకరింపజాలదు. చీరాల పిల్లలకు సముద్రపు హోరు, మగ్గపు చప్పుడు సులభము. గుంటూరు పిల్లలకు మిరప యార్డు సందడి సులభము. ప్రకాశము జిల్లాలోని మెట్ట గ్రామముల పిల్లలకు గొఱ్ఱెల మందల అరుపులు సులభము. నాలుగైదు పాఠశాలలు తమ చప్పుళ్ళను ఒకచోట చేర్చుకొన్నచో అందఱికిని అన్నియు దొరకును. అయితే పదిమందిలో పాము చావదని సామెత. అందఱిదైన వస్తువును కాపాడుట ఎవ్వరి పనియు కాకపోవుట లోకమున చూచుచునే యున్నాము.

ఒక యుదాహరణమును ఊహింతము. ఒక పాఠశాల పిల్లలు చీరాల-పేరాల ఉద్యమముపై నాటిక వ్రాసిరనుకొందము. 1921లో పురపాలక సంఘపు పన్నుల భారమును నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఆ యూరి ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. ఊరు ఊరంతయు కదలిపోవు ఘట్టమునకు ఎడ్లబండ్ల చప్పుడు కావలయును. పిల్లలు ఉమ్మడి భాండారమున వెదకిరి. "బండి", "బండి కొత్తది", "బండి అసలు" అని మూడు దొరికినవి. మొదటిది మోటారు సైకిలు. రెండవది రైలుబండి. తెలుగున మూడును బండ్లే కదా! మూడవది నిజముగా ఎడ్లబండియే. కాని ఎవరో తమ నాటకమునకై దానికి ముందు వెనుకలు కత్తిరించి, పైన సన్నాయి చేర్చి, అదే పేరుతో మరల దాచిరి. ఎడ్ల మెడలోని మువ్వల చప్పుడు సన్నాయిలో కలిసిపోయినది. కొత్తగా ముద్రించుకొందమని ఆ బండి యజమాని యొద్దకు పోయిరి. ఆ వృద్ధుడు ఎడ్లనమ్మి అప్పటికి ఏడాది. బండి చక్రములు గోడకానించి యున్నవి. ఇరుసు కిర్రుమను ఆ ధ్వని ఇక లేదు. ఒక్కడు తొందరపడి చేసిన పనికి అందఱును నష్టపోయిరి.

ఇట్టి నష్టము రాకుండుటకు మార్గమును గ్రంథాలయములనుండి నేర్చుకొనవచ్చును. చీరాల చెంతనున్న వేటపాలెములో 1918లో సారస్వత నికేతనము వెలసినది. 1929లో గాంధీ మహాత్ముడు దానిని దర్శించెను. పాత పత్రికలను, పుస్తకములను వెదకుకొనుచు దూరప్రాంతముల నుండి పరిశోధకులు నేటికిని అచ్చటికి వచ్చుచుందురు. పుస్తకములు పోగుచేయుట ఒక పని. కోరినవానికి కోరినది దొరకునట్లు చేయుట మఱియొక పని. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయములకు అయిదు సూత్రములను ప్రకటించెను. పుస్తకములు ఉపయోగమునకే కాని దాచుటకు కావనియు, ప్రతి పాఠకునికి తగిన పుస్తకమును, ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడును ఉండవలెననియు, పాఠకుని కాలమును వృథా చేయరాదనియు, గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి వంటిదనియు వాని భావము. పుస్తకమను మాటకు బదులు చప్పుడను మాటను పెట్టిన యెడల ఈ యైదును ధ్వనుల గ్రంథాలయమునకు సరిపోవును.

మొట్టమొదట పేరు. పేరు వస్తువును, పనిని, చోటును, తేదీని, వరుస సంఖ్యను తెలుపవలెను. "ఎడ్లబండి - మట్టిబాటపై నడక - ఊరిపేరు - 2024-01-20 - 003" అని వ్రాసినచో మోసము లేదు. తేదీలో సంవత్సరము ముందుండిన యెడల యంత్రము వానిని కాలక్రమమున పేర్చును. సంఖ్యకు ముందు సున్నలుంచుట అవసరము. లేనిచో అక్షరక్రమమును అనుసరించు యంత్రములు 2 కంటె ముందు 10ని నిలుపును. "కొత్తది", "అసలు", "చివరిది" అను పేర్లు నిషిద్ధములు. నేటి కొత్తది రేపటికి పాతదగును.

పేరుతో పాటు ఒక పట్టిక కావలయును. ఎవరు ముద్రించిరి, ఏ పరికరముతో, ఎంత దూరమునుండి, ఎన్ని సెకనులు, వెనుక మఱియే చప్పుళ్ళున్నవి, ఎవరి అనుమతి పొందిరి అనునవి అందు వ్రాయవలెను. ఇచ్చట తెలుగు భాష మనకొక వరము నొసగినది. గలగల, జలజల, చిటపట, టపటప, సరసర, రెపరెప, ఫెళఫెళ, గణగణ: ఇవన్నియు ధ్వన్యనుకరణ పదములు. పదము రెండుమార్లు పలుకబడినపుడు రెండవదానిని వ్యాకరణమున ఆమ్రేడితమందురు. ఒక్క "వాన" అని వ్రాసినచో పది చప్పుళ్ళు దొరకును. "వాన - చిటపట - తాటాకుపై" అని వ్రాసినచో కావలసిన వాన యొక్కటే దొరకును. నీరు జలజల పాఱుటకును, బుడబుడ పొంగుటకును గల భేదము మన పూర్వుల చెవికి తెలియును. ఆ పదములను పట్టికలో చేర్చినవాడు వెదకువాని కాలమును కాపాడినవాడగును.

రెండవది మూలరక్షణము. తొలుత ముద్రించిన ధ్వనిని ఎవ్వరును తాకరాదు. నాటకమునకు కావలసినపుడు దాని ప్రతిని తీసికొని, ఆ ప్రతిని కోయవచ్చును, పెంచవచ్చును, తగ్గింపవచ్చును. మూలమును కుదింపని "వేవ్" రూపమున నుంచుట మేలు. "ఎం.పి.3" రూపము చిన్నదే కాని, చెవికి అంతగా తెలియవని తలచిన భాగములను అది తొలగించును. ఒకసారి తొలగినవి మరల రావు. వేవ్ రూపమున సెకనుకు 44,100 మార్లు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను రెండు బైట్లలో వ్రాసినచో, రెండు వరుసల ధ్వనికి ఒక నిమిషమునకు 1,05,84,000 బైట్లు పట్టును. ఇది కొంచెము పెద్దదే. అయినను నేటి పరికరములకు భారము కాదు.

మూడవది ప్రతులు. మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను, ఒక ప్రతి వేఱొక యూరిలో నుండవలెను. ఒక పాఠశాలలోని కంప్యూటరు చెడినను, వఱదనీరు వచ్చినను, భాండారము నిలుచును. నాలుగవది బాధ్యత. పాఠశాలకొక విద్యార్థి, వారందఱిపై ఒక ఉపాధ్యాయుడు నిర్వాహకులుగా నుండవలెను. చేర్చుటకు అందఱికిని హక్కు. తొలగించుటకు మాత్రము ఇద్దఱి సమ్మతి. నెలకొకమారు కొత్తగా చేరిన వానిని విని, పేర్లు సరిచూచి, ఒకే చప్పుడు రెండుమార్లు చేరినచో మేలైనదానిని నిలుపవలెను. ఈ పనిలో కీర్తి లేదు. నాటకము విని చప్పట్లు కొట్టువారికి పట్టిక వ్రాసినవాని పేరు తెలియదు. అయినను ఆ నాటకము అతని భుజములపై నిలిచినది.

సేకరణకును కాలజ్ఞానము వలయును. పత్తితీత శీతకాలపు పని. మిరపకల్లములు సంక్రాంతి దాటిన పిదప నిండును. కోటప్పకొండ ప్రభల తిరునాళ్ళు మహాశివరాత్రి నాడే. ఆ దినము దాటినచో ఏడాది వేచియుండవలెను. జిన్నింగు మిల్లులో గింజనుండి దూది వేఱగు రొద, దూదిని 170 కిలోల బేళ్ళుగా అదుము యంత్రపు మూలుగు మఱియెచ్చటను దొరకవు. అయితే అచ్చట తిరుగు యంత్రములు, నిప్పంటుకొను దూది యుండును. పెద్దలు తోడులేక, యజమాని సెలవు లేక అడుగిడరాదు. మిరప యార్డులో ముద్రించువారు తమ తుమ్ములనే ముద్రించుకొనకుండ జాగ్రత్తపడవలెను. ముద్రణ మొదట చోటును, తేదీని మెల్లగా చెప్పవలెను. చప్పుడు ముగిసిన పిదప అర నిమిషము కదలక మెదలక ఊరకుండవలెను. అప్పుడు దొరకు ఉత్త గాలి చప్పుడే అతుకులను కప్పిపుచ్చును.

పరుల చప్పుళ్ళను తెచ్చుకొనునపుడు ధర్మము తప్పరాదు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణము ప్రకటితమైన తరువాత 60 సంవత్సరములు దానిపై హక్కుండును. తరగతి బోధనకు చట్టము కొంత వెసులుబాటు నొసగినను, ప్రజలకు ప్రసారము చేయుట వేఱు. సినిమాలోని ఉరుమును కత్తిరించి తెచ్చుట తగదు. బార్సిలోనా నగరములోని ఒక విశ్వవిద్యాలయము 2005లో ప్రారంభించిన "ఫ్రీసౌండ్" అను భాండారమున లోకులు తమ చప్పుళ్ళను పదిమందికై ఉంచుచున్నారు. కొన్నిటిని ఎట్లైనను వాడవచ్చును. కొన్నిటికి ముద్రించినవాని పేరు చెప్పవలెను. కొన్నిటిని వ్యాపారమునకు వాడరాదు. బి.బి.సి. వారు 2018లో పదునాఱువేలకు పైగా చప్పుళ్ళను విద్యకును, పరిశోధనకును విడుదల చేసిరి. ఏ చప్పుడు ఏ షరతుతో వచ్చినదో పట్టికలో ఉండి తీరవలెను. మనుష్యుల మాటలను వారి యనుమతి లేక ముద్రించుట అంతకంటె పెద్ద తప్పు. సంతలో బేరమాడు స్త్రీ కంఠము ఆమెది, మనది కాదు.

చప్పుడునకు శక్తి కలదు గనుక సత్యమును పాటింపవలెను. 1938 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఆర్సన్ వెల్స్ ప్రసారము చేసిన నాటకము వార్తల రీతిని అనుకరించుటచే, అంగారకులు భూమిపైకి వచ్చిరని కొందఱు శ్రోతలు నిజముగా భయపడిరి. కావున తుపాను హెచ్చరికను, అంబులెన్సు కూతను ప్రసారములో వాడునపుడు ఇది నాటకమని శ్రోతకు ముందే తెలియవలెను.

ఇక కొన్ని చప్పుళ్ళు మన కన్నుల యెదుటనే, కాదు, చెవుల యెదుటనే మాయమగుచున్నవి. ఆవిరి యింజను కూత సాధారణ రైళ్ళనుండి తొలగి దశాబ్దములైనది. మన దేశమున టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసినది. తపాలా కార్యాలయపు కట్టుకట్ట శబ్దమును నేటి బాలుడు వినియుండడు. మగ్గపు నాడె చప్పుడు, ఏతము కిర్రుమనుట, రోకలిపోటు కూడ తఱుగుచున్నవి. పుస్తకము పోయినచో మఱియొక ప్రతి దొరకవచ్చును. ముద్రింపబడని చప్పుడు పోయినచో దానిని వినిన చెవులతోనే అది పోవును.

కావున పల్లెలో ఒక ఎడ్లబండి ఇరుసు కిర్రుమనుచు పోవునపుడు, దానిని నిమిషముపాటు ముద్రించి, సరియైన పేరుపెట్టి, పదిమందికి దొరకునట్లు దాచిన బాలుడు చేసినది చిన్నపని కాదు. ఇరువది యేండ్ల పిదప చీరాల-పేరాల కథను మరల ఆడదలచు పిల్లలెవరో ఆ పేరును చూచి, ఆ చప్పుడును విందురు. వారి నాటకములో ఆ యూరి ప్రజలు మరల బండ్లెక్కి కదలుదురు.